చెరువులో కలువలు మళ్లీ రావాలంటే ముందు ఒడ్డు రావాలి

పుత్తూరు వైపు పల్లె నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. వాళ్ల ఊరి చెరువు పన్నెండు ఎకరాలు. కార్తీకంలో కలువలు, తామరలు నిండుగా పూసేవి. మూడేళ్ల కింద జేసీబీలు పెట్టి పూడిక తీశారు. అప్పటి నుంచి ఒక్క పువ్వు లేదు, నీళ్లు పచ్చగా పాచిపట్టినట్టు ఉంటున్నాయి. కుర్రాళ్లంతా డబ్బులు పోగేసి నర్సరీ నుంచి తామర మొక్కలు రెండుసార్లు తెచ్చి వేశారు. మొదటిసారి వానల్లో పోయాయి, రెండోసారి వారం తిరక్కుండా ఆకు కూడా మిగల్లేదు. నీళ్లు తేటపడాలంటే గడ్డిచేప వదలమని ఒకరు, గుర్రపుడెక్క వేయమని ఇంకొకరు చెబుతున్నారట. ఏం చేయాలి?

తమ్ముడూ, ముందుగా ఆ రెండు సలహాలూ పక్కన పెట్టండి. రెండింటిలో ఏది చేసినా మీ చెరువు ఇంకో పదేళ్లు కోలుకోదు. ఎందుకో కింద చెబుతాను. నేను తిరుపతిలో ముప్పై ఏళ్లు బోటనీ పాఠాలు చెప్పాను. చంద్రగిరి నుంచి శ్రీకాళహస్తి దాకా పిల్లల్ని వెంటబెట్టుకుని మోకాలి లోతు నీళ్లలో దిగని చెరువు తక్కువ. రిటైరయ్యాక కూడా నాకు వేరే పని లేదు, చెరువులే. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

పూడిక తీసేటప్పుడు మీ చెరువులో నుంచి పోయింది పూడిక ఒక్కటే కాదు. మూడు పోయాయి. ఒకటి, పైన జానెడు మందం మట్టి. అందులోనే కలువ దుంపలు, తామర గింజలు, నాచు విత్తనాలు, ఫెర్న్ బీజాలు అన్నీ ఉంటాయి. ఆ మట్టి ఇప్పుడు ఎవరో ఒకరి మామిడితోటలో ఉంటుంది. రెండు, ఒడ్డు వాలు. జేసీబీ నిలువుగా కోసేస్తుంది, గట్టు మీద నుంచి అడుగు వేస్తే నేరుగా నడుం లోతు. మూడు, వెలుతురు. లోతు పెరిగి, మట్టి కలకబారి, నీళ్లలో ఎరువు చేరి పచ్చబడ్డాక అడుగుకు ఎండ అందదు. ఈ మూడూ తిరిగి ఇవ్వకుండా పైనుంచి మొక్కలు తెచ్చి వేస్తే బతకవు. తప్పు మీ కుర్రాళ్లది కాదు, మొక్కలదీ కాదు.

నీళ్లలో మొక్క బతకడం అంటే పైకి కనిపించేంత సుఖమైన పని కాదు. నీళ్లకు కరువు లేదు సరే, గాలికి కరువు. కార్బన్ డయాక్సైడ్ గాలిలో కదిలే వేగంతో పోలిస్తే నీళ్లలో దాదాపు 10,000 రెట్లు నెమ్మదిగా కదులుతుంది. అందుకే పూర్తిగా మునిగి బతికే హైడ్రిల్లా, వాలిస్నేరియా లాంటివాటి ఆకులు రిబ్బన్ల మాదిరి పల్చగా ఉంటాయి, నీళ్లలో కరిగి ఉన్న బైకార్బొనేట్‌ను కూడా వాడుకుంటాయి. తామర, కలువ దారి వేరు. ఆకును పైకి పంపి గాలి పీలుస్తాయి. తామర ఆకు కాడ ఎప్పుడైనా విరిచి చూడండి. లోపల నిలువునా గొట్టాలు, ఒకదాని పక్కన ఒకటి. విరిచిన చోట సన్నటి దారాలు సాగుతాయి. ఒక చివర నోట్లో పెట్టి రెండో చివర నీళ్లలో ముంచి ఊదితే బుడగలు వస్తాయి. ఆకులో నుంచి ఆ గొట్టాల ద్వారానే గాలి బురదలో ఉన్న దుంప దాకా దిగుతుంది. బురదలో ఆక్సిజన్ ఉండదు కాబట్టి తామరకు ఆ ఆకులే ముక్కు. ఆకులు మునిగిపోతే దుంపకు ఊపిరి ఆగిపోయినట్టే.

మీ మొదటి విడత మొక్కలు ఎందుకు పోయాయో ఇప్పుడు అర్థమై ఉంటుంది. మీరు రాసిన దాన్ని బట్టి అక్టోబరు మొదట్లో నాటారు. మనకు చెరువులు నిండేది ఈశాన్య రుతుపవనాలకు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఒక తుపాను వస్తే వారంలో నాలుగు అడుగుల నీళ్లు పెరుగుతాయి. పాతుకున్న తామర అయితే కాడ సాగదీసుకుని నీళ్లతో పాటు పైకి వస్తుంది. నర్సరీ కుండీలో నుంచి నిన్న తీసి పెట్టిన మొక్కకు అంత శక్తి ఎక్కడిది? మునిగి కుళ్లిపోయింది.

రెండో విడత సంగతి వేరు. వారంలో ఆకు మిగల్లేదంటే అది చేపల పని. మీ చెరువులో చేపల వేలం ఉందని రాశారు. వేలం పాడినవాళ్లు ఏ పిల్ల వదిలారో కనుక్కోండి. బొచ్చె, రోహు వల్ల మొక్కలకు పెద్ద నష్టం లేదు. గడ్డిచేప, బంగారుతీగ ఉంటే మాత్రం కష్టం. గడ్డిచేప రోజుకు తన బరువులో సగానికి పైనే మేత మేస్తుంది. మెత్తటి నాచు, లేత ఆకు ముందు తింటుంది. గుర్రపుడెక్కను మాత్రం ముట్టదు. అంటే ఉండాల్సినవి పోయి, పోవాల్సింది ఉంటుంది. బంగారుతీగ మొక్కను తినకపోయినా పురుగుల కోసం బురదను మూతితో తవ్వుతూ ఉంటుంది, వేళ్లు లేచిపోతాయి, నీళ్లు ఎప్పుడూ కలకే. ఒక్క ఊరట ఏమిటంటే గడ్డిచేప చెరువులో గుడ్లు పెట్టి పెరగదు, దానికి పారే నది కావాలి. మళ్లీ పిల్లను వదలకపోతే రెండు మూడేళ్ల పట్టుబడితో అదే తగ్గిపోతుంది. వచ్చే వేలం కాగితంలో ఈ రెండు చేపలూ వద్దని, కోళ్ల వ్యర్థాలు మేతగా వేయకూడదని రాయించండి. పంచాయతీ తీర్మానం ఉంటే పాడుకునేవాళ్లు ఒప్పుకుంటారు.

నీళ్లు పచ్చగా ఉండడం గురించి ఒక మాట. నెదర్లాండ్స్ శాస్త్రవేత్త మార్టెన్ షెఫర్, ఆయన తోటివాళ్లు 1993లో ఒక మంచి సంగతి చెప్పారు. లోతు తక్కువ ఉన్న సరస్సు రెండు స్థితుల్లో ఏదో ఒకదానిలో స్థిరపడుతుంది. అడుగున మొక్కలు, పైన తేట నీళ్లు అన్నది ఒకటి. మొక్కల్లేవు, నీళ్లు పచ్చగా కలకగా ఉంటాయి అన్నది రెండోది. మొక్కలు ఉంటే మట్టి కదలదు, ఎరువును అవే తీసుకుంటాయి, పచ్చటి పాచిని తినే సన్నటి నీటిపురుగులకు దాక్కునే చోటు ఉంటుంది, కాబట్టి నీళ్లు తేటగానే ఉంటాయి. మొక్కలు పోయాయా, అన్నీ తలకిందులు. మళ్లీ తేటపడాలంటే కాస్త ఎరువు తగ్గిస్తే చాలదు, గట్టి కుదుపు కావాలి. వాళ్లు చూసినవి చాలావరకు చలిదేశాల సరస్సులు. మన చెరువుకు ఆ కుదుపు ఏటా దేవుడే ఇస్తాడు. ఏప్రిల్, మే నెలల్లో చెరువు ఎండుతుంది. బురద గట్టిపడుతుంది, చేపలు పోతాయి, గింజలకు ఎండ తగులుతుంది. అదే మీకు దొరికే అవకాశం. చెరువు ఎండితే మొక్కలు చస్తాయని చాలామంది అనుకుంటారు. మన చెరువు మొక్కల్లో ఎక్కువ భాగం ఎండడానికి అలవాటుపడినవే. కలువ దుంప ఎండిన బురదలో నిద్రపోతుంది. మార్సీలియా అని నాలుగు ఆకులు కూడలిగా ఉండే నీటి ఫెర్న్ ఒకటుంది, దాని బీజాల కాయలు రాయిలా గట్టిగా ఉండి ఏళ్ల తరబడి ఎండలో పడి ఉంటాయి.

అంతకంటే విచిత్రమైనది ఐసోయెటిస్ కోరమాండెలినా. పేరులోనే మన కోరమండల్ తీరం ఉంది. చూడ్డానికి లేత ఉల్లికాడల గుబురులా ఉంటుంది, ఎవరూ పట్టించుకోరు. పువ్వు లేదు, గింజ లేదు, బీజాలతో పెరిగే చాలా పురాతన వంశం. వానాకాలం నీళ్లు నిలిచే పల్లాల్లో లేచి, ఎండాకాలం నేలలో చిన్న దుంపగా మిగులుతుంది. ఏడాది పొడవునా నీళ్లు నిలిపితే దానికి బతుకు లేదు. మన జిల్లాల్లో కొండరాళ్ల మీద దొనలు ఉంటాయి చూడండి, వాన నీళ్లు నిలిచే గుంతలు, వాటిలో బతికేవన్నీ ఇలా నాలుగు నెలల్లో బతుకు ముగించుకునే మొక్కలే. గ్రానైట్ క్వారీ ఒకటి వస్తే రాయితో పాటు ఆ దొన, అందులోని బతుకు మొత్తం లారీ ఎక్కి పోతుంది. రాయి విలువ కట్టేవాళ్లు ఉన్నారు, దొనకు విలువ కట్టినవాళ్లను నేను చూడలేదు. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం, అందుకే మీరు అడగకపోయినా రాశాను.

సరే, మీ చెరువుకు వద్దాం.

ఇప్పుడే ఏమీ నాటకండి. ముందు మీ చెరువు మట్టిలో ఇంకా ఏం మిగిలి ఉందో చూడాలి. మే నెలలో నీళ్లు వెనక్కి పోయాక, జేసీబీ తాకని మూల ఒకటి ఎక్కడో ఉంటుంది. సాధారణంగా కట్టకు ఎదురువైపు, వంక వచ్చి కలిసే చోట. అక్కడ పది చోట్ల నుంచి పైమట్టి, బెత్తెడు లోతుకు మించకుండా, తలా ఒక గుప్పెడు తీయండి. కలిపేసి, రాళ్లు ఏరి, రెండు ప్లాస్టిక్ టబ్బుల్లో రెండు వేళ్ల మందం పరచండి. ఒక టబ్బులో మట్టి తడిసే వరకే నీళ్లు, ఇంకో టబ్బులో జానెడు నీళ్లు. కొళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటే ఒక రోజు బకెట్‌లో నిలబెట్టి పోయండి. ఉదయం ఎండ తగిలే చోట పెట్టి, దోమలు రాకుండా పాత వోణీ గుడ్డ కట్టండి. ఆరు వారాలు చూడండి. మొదటి వారం ఏమీ ఉండదు, పాచి మాత్రం లేస్తుంది. పదో రోజు దాటాక సన్నటి పచ్చ దారాల్లాంటివి కనిపిస్తాయి. మా ఇంటి మేడ మీద ఒకసారి ఇలా పెట్టిన టబ్బులో, తుంగలు తీసేస్తూ ఉంటే అడుగున గోరంత ఆకు, లేత రాగిరంగులో, నడుమ చీలికతో కనిపించింది. కలువ. ఆ చెరువులో కలువ చూసి పన్నెండేళ్లు అయిందని ఊరివాళ్లు అన్నారు. మట్టి మరిచిపోలేదు.

గింజ ఎంతకాలం ఉంటుందన్నది మొక్కను బట్టి. తామర గింజకు మించినది లేదు. చైనాలో ఎండిపోయిన ఒక పాత సరస్సు అడుగున దొరికిన తామర గింజ సుమారు 1,300 ఏళ్ల నాటిది, అది మొలకెత్తిందని 1995లో ప్రచురించారు. దాని పెంకు అంత గట్టిది, నీళ్లు లోపలికి పోవు. అందుకే తామర గింజను ఊరికే చెరువులో విసిరితే మొలవదు. చిన్న గుంట ఉన్న కొసను సిమెంటు నేల మీద రుద్దండి. నల్లటి పెంకు అరిగి లోపల మీగడ రంగు కనిపించగానే ఆపేయండి, ఇంకా రుద్దితే పప్పు దెబ్బతింటుంది. గాజు గ్లాసులో నీళ్లు పోసి వేయండి, రోజూ నీళ్లు మార్చండి. రెండో రోజుకు గింజ రెండింతలు ఉబ్బుతుంది. నాలుగైదు రోజుల్లో పెంకు చీలి, లోపల మడిచిపెట్టిన ఆకు పచ్చటి కొక్కెం లాగా వంగి బయటికి వస్తుంది. పిల్లలకు చూపించండి, జన్మలో మరిచిపోరు.

టబ్బులో ఏమీ మొలవకపోతే పక్క చెరువు మట్టి తెచ్చుకోవాలి. పక్క చెరువు అంటే అదే గొలుసుకట్టులోది. పై చెరువు నిండి మొరవ పొర్లితే ఆ నీళ్లే మీ చెరువులోకి వచ్చేవి కదా, అలాంటిది. ఎందుకంటే వరదతో పాటు గింజలు, దుంపలు ఆ దారినే వచ్చేవి. ఆ వంక మధ్యలో ఎవరైనా పూడ్చి ప్లాట్లు వేసి ఉంటే మీ చెరువుకు కొత్త గింజ అందే దారి కూడా మూసుకుపోయిందని అర్థం. ఆ ఊరివాళ్లను అడిగి, వాళ్ల చెరువు అంచున రెండు మూడు బస్తాలకు మించకుండా తీసుకోండి. దాన్నీ ముందు టబ్బులో పెట్టి చూశాకే మీ చెరువులో చల్లండి.

ఈ చివరి మాట ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, నేను చేసిన తప్పు ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, ఒక ఊరి కుంటలో తామర పెంచుదామని ఇంకో చెరువు నుంచి దుంపలు బురదతో సహా తెచ్చి నాటించాను. దుంపలు కడగలేదు. ఆ బురదలో గుర్రపుడెక్క వచ్చింది. మరుసటి ఏటికి కుంట మీద నీళ్లే కనిపించలేదు. గుర్రపుడెక్క రెండు వారాల్లో రెట్టింపు అవుతుంది, గింజ బురదలో 20 ఏళ్ల దాకా ఉంటుంది. ఆ ఊరివాళ్లు ఒక్కరూ నన్ను మాట అనలేదు, కానీ ప్రతి సంవత్సరం కూలీలను పెట్టి తీయించుకుంటూనే ఉన్నారు. అప్పటి నుంచి ఏ దుంప తెచ్చినా మూడు నీళ్లలో కడిగి, రెండు వారాలు విడిగా ఉంచి చూడనిదే చెరువులోకి పంపను.

అందుకే ఆ సలహా ఇచ్చినాయనకు మర్యాదగా వద్దని చెప్పండి. గుర్రపుడెక్క నీళ్లలో ఎరువును, లోహాలను పీల్చే మాట నిజమే. కానీ పీల్చిన మొక్కను వారం వారం తీసి బయట పడేస్తేనే లాభం. తీయకపోతే అది కుళ్లి పీల్చినదంతా తిరిగి నీళ్లలోకే వదులుతుంది, కింద మొక్కలకు వెలుతురు, చేపలకు ఆక్సిజన్ రెండూ కట్. పైగా తెరిచి ఉన్న నీళ్ల కంటే దాని ఆకుల నుంచి ఆవిరయ్యే నీళ్లు ఎక్కువ. అది దక్షిణ అమెరికా నుంచి వచ్చింది, దాన్ని తినే పురుగులూ అక్కడివే, వాటిని 1980ల్లో బెంగళూరు చెరువుల్లో వదిలారు. ఏడాదంతా నీళ్లుండే చోట అవి కొన్నేళ్లకు పని చేస్తాయి. ఏటా ఎండే మన చెరువులకు చేత్తో తీయడమే సరైన మందు, అదీ పువ్వు రాకముందే. తీసింది నీటిమట్టానికి పైన, ఎండలో ఆరబోయండి. గడ్డిమందు మాత్రం కొట్టకండి.

నర్సరీ మొక్కల గురించి కూడా చెప్పాలి. ఇంట్లో తొట్టెలో రంగురంగుల హైబ్రిడ్ కలువలు పెంచుకోండి, అందంగా ఉంటాయి. ఊరి చెరువులోకి వద్దు. మన చెరువు కలువ మన వానకు, మన ఎండకు వందల ఏళ్లుగా అలవాటుపడినది. రాత్రి పూసి పొద్దెక్కాక ముడుచుకునే తెల్లకలువ, ఎర్రకలువ, పగలు పూసే నీలికలువ, ఇవి చాలు. అక్వేరియం మొక్కలు అసలే వద్దు. కేరళలో కోళికోడ్ జిల్లాలో 2020లో ఒక కాలువ నిండా గులాబీరంగు పూలు పూశాయని జనం తండోపతండాలుగా చూడ్డానికి వెళ్లారు. అది కబోంబా, దక్షిణ అమెరికాది, అక్వేరియం మొక్క. పువ్వు ఉన్నంత మాత్రాన చెరువు బాగున్నట్టు కాదు.

ఇక ఒడ్డు. ఇదే మీరు చేయాల్సిన అసలు పని, మొక్కలు కొనే డబ్బు ఇక్కడ పెట్టండి. కట్టకు ఎదురువైపు, వంద గజాల పొడవున, నిలువుగా కోసిన గట్టును వాలుగా చేయించండి. ఒక అడుగు లోతు దిగడానికి ఏడెనిమిది అడుగులు నడవాల్సి రావాలి, అంత మెల్లటి వాలు. అడుగు లోతు లోపల పొన్నగంటి, నీటిబ్రాహ్మి, సరస్వతి ఆకు, మార్సీలియా, తుంగలు వస్తాయి. వీటిలో చాలావరకు మీరు నాటనక్కర్లేదు, వాలు ఇస్తే అవే వస్తాయి. అడుగు నుంచి నాలుగైదు అడుగుల దాకా కలువ, తామర, తెల్లటి నూగు పూల చిరుకలువ నింఫాయిడిస్. వాటి మధ్య ఖాళీల్లో, నీళ్లు తేటగా ఉంటేనే, మునిగి బతికేవి. నీళ్లు ఎంత తేటగా ఉన్నాయో చూడ్డానికి పరికరం కొనక్కర్లేదు. తెల్లటి పళ్లేనికి బరువు కట్టి తాడుతో దించండి, కనిపించకుండా పోయిన లోతు రాసుకోండి. సుమారుగా దానికి రెండింతల లోతు దాకా అడుగు మొక్కలకు ఎండ అందుతుంది. మీకు పళ్లెం అడుగు లోపే మాయమవుతుందంటే, రెండు అడుగుల కింద ఏ మొక్కా ఉండదన్నమాట.

కట్ట వైపు ఒక్క మొక్క కూడా నాటకండి. 2021 నవంబరు వానలకు తిరుపతి దగ్గరి రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని చుట్టుపక్కల ఊళ్లు ఖాళీ చేయించిన సంగతి మీకూ గుర్తుండే ఉంటుంది. కట్ట మీద పగుళ్లు, ఊటలు కంటికి కనిపిస్తూ ఉండాలి. తూము చుట్టూ, మొరవ ముందు కూడా ఖాళీగా ఉంచండి. ఆయకట్టు రైతులు మొక్కలంటే భయపడేది తూము మూసుకుపోతుందనే, ఆ భయం న్యాయమైనదే. ముందే వాళ్లతో కూర్చుని, తూముకు ఇరువైపులా ఎంత దూరం వదిలేస్తారో గీత గీసి చూపించండి. రైతులు ఒప్పుకోని పని చెరువులో నిలవదు.

మళ్లీ పూడిక తీయాల్సి వస్తే చెరువంతా ఒకే ఏడాది తీయనివ్వకండి. మూడు భాగాలు చేసి ఏడాదికి ఒక భాగం. పైమట్టి జానెడు విడిగా కుప్ప పోసి, పని అయ్యాక అంచున పరచాలి. అమృత్ సరోవర్ లాంటి పథకాల్లో ఎన్ని ఘనపు మీటర్ల నీళ్లు పడతాయన్నదే లెక్క, ఒడ్డు వాలు లెక్కలోకి రాదు. ఆ లెక్క అడగాల్సింది ఊరే.

గేదెలను పూర్తిగా ఆపకండి. కుర్రాళ్లు ఉత్సాహంతో చుట్టూ కంచె వేస్తామని రాశారు, నేను ఒప్పుకోను. గేదెలు మేస్తేనే జమ్ము అదుపులో ఉంటుంది. ఎరువు నీళ్లు, ఏడాది పొడవునా అడుగు రెండడుగుల తడి దొరికితే జమ్ము అంచు మొత్తం ఆక్రమించి కలువకు చోటివ్వదు. కొత్తగా వాలు చేసిన చోట మాత్రం రెండేళ్లు ముళ్లకంప వేసి కాపాడండి, తర్వాత తీసేయండి.

నాటాల్సి వస్తే సంక్రాంతి తర్వాత నాటండి. అప్పటికి వరద భయం తీరుతుంది, నీళ్లు నెమ్మదిగా దిగుతుంటాయి, ఎండ ముదురుతుంటుంది. ముందు కలువ. తామర రెండేళ్ల తర్వాత, అదీ ఒక మూలలో. పాతుకున్నాక తామర కూడా తక్కువదేం కాదు, చిన్న చెరువును మొత్తం కప్పేస్తుంది.

తిరుచానూరులో అమ్మవారు తామరలో పుట్టిన పద్మసరోవరం ఉండగా ఊరి చెరువులో తామర ఎందుకు అని ఒకాయన నన్ను అడిగాడు. పంచమీతీర్థం నాడు లక్షల మంది మునిగే పుష్కరిణికి రాతిమెట్లు ఉండాలి, తామరకు బురద ఉండాలి. రెండూ ఒక చోట కుదరవు. అమ్మవారికి పువ్వు ఊరి చెరువు నుంచే రావాలి.

చట్టం ఏం చెబుతుందని కూడా అడిగారు. 2017 నాటి చిత్తడి నేలల నియమాల్లో సాగునీటి కోసం మనుషులు కట్టిన చెరువులను మినహాయించారు. అంటే మన చెరువులు చాలావరకు అందులోకి రావు. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం, మనం వాల్టా అంటామే, అది ఆక్రమణల విషయంలో పనికొస్తుంది. మొక్కల విషయంలో మీకు ఎక్కువ పనికొచ్చేది 2002 జీవవైవిధ్య చట్టం. దాని కింద ప్రతి పంచాయతీకి జీవవైవిధ్య కమిటీ, ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ ఉండాలి. ఆ రిజిస్టర్‌లో మీ చెరువు పేజీలో కలువ, పొన్నగంటి, తుంగ, ఏ ముసలమ్మ ఏది కోసుకొచ్చి వండేదో రాయించండి. రాసి ఉంటే రేపు జేసీబీ వచ్చినప్పుడు చూపించడానికి ఒక కాగితం ఉంటుంది. కలువ అంతరించిపోయే జాతుల జాబితాలో లేదు కాబట్టి దాన్ని ఎవరూ కాపాడనక్కర్లేదని ఒక అధికారి నాతో అన్నారు. దేశంలో ఎక్కడో ఉంది, సరే. మీ ఊళ్లో లేదు కదా.

ఒక హెచ్చరిక. శేషాచలం కొండల్లో, తలకోన వాగుల్లో అరుదైన మొక్కలు ఉంటాయని తెచ్చుకోవడానికి వెళ్లకండి. 1989 నుంచి శ్రీవేంకటేశ్వర జాతీయ పార్కు అయిన అడవి అది, ఆకు తెంపినా నేరం. పైగా పారే చల్లటి వాగు నీళ్ల మొక్క నిలవ నీళ్ల చెరువులో బతకదు.

మీరు ఓపిక పట్టగలిగితే మూడో ఏటికి మునిగి బతికేవి కూడా వస్తాయి. వాలిస్నేరియా వస్తే ఉదయం పూట వెళ్లి నీళ్లలో కూర్చుని చూడండి. ఆడపువ్వు స్ప్రింగు లాంటి కాడ మీద నీటిమట్టానికి వచ్చి, తన చుట్టూ నీళ్లలో చిన్న గుంట చేసుకుని ఉంటుంది. మగపువ్వులు అడుగున తెగి, రవ్వ పలుకుల్లాగా పైకి తేలి, గాలికి జారుకుంటూ వచ్చి ఆ గుంటలో పడతాయి. పని అయ్యాక ఆడపువ్వు కాడ చుట్టలు చుట్టుకుని కాయను అడుగుకు లాక్కుపోతుంది. చంద్రగిరి దగ్గర ఒక కుంటలో ఇది చూపించినప్పుడు, క్లాసులో ఎప్పుడూ మాట్లాడని ఒక అమ్మాయి గంటసేపు నీళ్లలో నుంచి లేవలేదు. నీళ్లు కలకగా ఉంటే ఇవేమీ కనిపించవు, జరగవు కూడా.

మే నెలలో టబ్బులు పెట్టండి. మొలకల్లో తుంగ, జమ్ము ఒకేలా కనిపించి కంగారుపడతారు. తుంగ కాడను రెండు వేళ్ల మధ్య తిప్పితే మూడు పలకలు తగులుతాయి, జమ్ము ఆకు చదునుగా ఉంటుంది. జమ్ము అయితే పీకేయండి. ఆరు వారాలయ్యాక పక్కన రూపాయి బిళ్ల పెట్టి పైనుంచి ఫోటో తీసి ఇక్కడ పెట్టండి, ఏవేమిటో చూసి చెబుతాను.